మలక్‌పేట రేసులకు పోయే ముందురోజు రాత్రి కార్డు చదవడం ఎలా

కర్నూలు నుంచి హైదరాబాద్ రేసులకు పోయేవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటే. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్సో హంద్రీ ఎక్స్‌ప్రెస్సో ఎక్కి కాచిగూడలో దిగడం, గేటు దగ్గర రేసు పుస్తకం కొనడం, లోపలికి పోయి పక్కన నిలబడ్డ మనిషిని "అన్నా, దీంట్లో ఏది?" అని అడగడం. ఆ అన్న కూడా పొద్దున ఇంకెవరినో అడిగి వచ్చినవాడే అయి ఉంటాడు. రేసుకు పది నిమిషాల ముందు పుస్తకం తెరిస్తే అందులో అంకెలు ఏవీ కంటికి ఆనవు, పేరు బాగుందనో జాకీ పెద్దవాడనో డబ్బు పెట్టేస్తారు. కార్డు, అంటే ఏ రేసులో ఏ గుర్రాలు పరిగెత్తుతాయో చెప్పే పట్టిక, ముందే దొరుకుతుంది కదా, ముందురోజు రాత్రి అన్నం తిన్నాక ఒక రెండు గంటలు కూర్చోండి. అసలు పనంతా అక్కడే ఉంది. అది ఎలా చెయ్యాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను, కొత్తవాళ్లను దృష్టిలో పెట్టుకుని.

ముందు సీజన్ సంగతి. మలక్‌పేటలో గుర్రాలు పరిగెత్తడం 1886లో, అంటే ఆరో నిజాం కాలంలో మొదలైంది. ఇప్పుడు ఏడాదికి రెండు సీజన్లు, వానాకాలానిది ఒకటి, చలికాలానిది ఒకటి. వానాకాలం సీజన్‌లో పెద్ద రోజు గాంధీ జయంతి, ఆరోజే డెక్కన్ డెర్బీ అనే పెద్ద రేసు జరపడం ఆనవాయితీ. సీజన్ మొదటి రెండు మూడు వారాలు కొత్తవాళ్లు చూసి నేర్చుకోవడానికి బాగుంటాయి, డబ్బు పెట్టడానికి బాగుండవు. చాలా గుర్రాలు విరామం తర్వాత వస్తాయి, ఏది తయారుగా ఉందో ఏది ఒక పరుగు కోసమే వచ్చిందో కార్డు చెప్పదు. నెల గడిచాక అవే గుర్రాలు మళ్లీ మళ్లీ ఒకదానితో ఒకటి తలపడతాయి. అప్పటి నుంచి మీ లెక్కకు విలువ వస్తుంది.

ఇప్పుడు కార్డు తెరవండి. గుర్రం పేరు, దాని తండ్రి తల్లి పేర్లు, రంగు, వయసు, ఓనరు, ట్రైనరు, జాకీ, బరువు, డ్రా (బయల్దేరే గేటులో దానికి వచ్చిన చోటు), రేటింగ్, కాళ్లకు వేసిన లాడాలు అల్యూమినియమా స్టీలా, కళ్లకు బ్లింకర్లు (పక్కచూపు ఆపే గంతలు) ఉన్నాయా, ఇవన్నీ ఒకే వరసలో ఉంటాయి. కొత్తవాళ్ల కన్ను పేరు మీద, జాకీ మీద పడుతుంది. మీరు మొదట చూడాల్సింది బరువు, రేటింగ్. ఈ రెండు అంకెలు అర్థమైతే మిగతా కార్డు దానంతట అదే తెరుచుకుంటుంది.

రేటింగ్ అంటే ఆ గుర్రం సత్తాకి హ్యాండీక్యాపర్ అనే అధికారి వేసిన అంకె. మన వైపు బండలాగుడు పోటీల్లో పాలపళ్ల జత, రెండు పళ్ల జత, ఆరు పళ్ల జత అని విడగొట్టి, చిన్నవాటిని పెద్దవాటితో కట్టకుండా చూస్తారు కదా, ఇక్కడ ఆ పని రేటింగ్ చేస్తుంది. 40 నుంచి 65 వరకు రేటింగ్ ఉన్న గుర్రాలకు ఒక రేసు, 20 నుంచి 45 వాటికి ఇంకొకటి, అలా. అయితే ఒకే రేసులో 65 గుర్రమూ 45 గుర్రమూ ఉంటే 65దే గెలవాలి కదా అనిపిస్తుంది. అందుకే బరువు. రేటింగ్‌లో ఒక పాయింటు తేడా ఉంటే వీపు మీద అరకిలో తేడా. 65 గుర్రం 60 కిలోలు మోస్తే 45 గుర్రం 50 కిలోలు మోస్తుంది. జాకీ తేలికగా ఉంటే ఆ తక్కువైన బరువుకు జీను సంచుల్లో సీసం బిళ్లలు పెడతారు. అంటే హ్యాండీక్యాపర్ పని అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటేలా బరువులు సర్దడం. మీ పని ఆయన సర్దిన దాంట్లో ఎక్కడ ఏ గుర్రానికి కాస్త సులువు దొరికిందో పట్టుకోవడం. "ఏ గుర్రం మంచిది" అనే ప్రశ్నకు ఆయన ముందే జవాబు రాసి బరువు వేసేశాడు. మనం అడగాల్సింది "ఈ బరువుకు, ఈ దూరానికి, ఈ రోజుకు ఏది మేలు" అని.

ఒక లెక్క చేసి చూపిస్తాను. పోయిన నెల 1200 మీటర్ల రేసులో రెండు గుర్రాలు చెరి 54 కిలోలు మోశాయి అనుకుందాం. మొదటిది రెండోదాన్ని రెండు లెంత్‌ల తేడాతో ఓడించింది. లెంత్ అంటే గుర్రం ముక్కు నుంచి తోక దాకా ఉండే పొడవు, ఎనిమిది అడుగులు అనుకోండి, సెకనులో ఐదారు లెంత్‌లు పోతాయి. గెలిచినదానికి రేటింగ్ ఆరు పాయింట్లు పెంచారు, ఓడినదానిది అలాగే ఉంచారు. ఈసారి రెండూ మళ్లీ ఒకే రేసులో ఉంటే మొదటిది మూడు కిలోలు ఎక్కువ మోయాలి. పొట్టి దూరాల్లో, అంటే 1000, 1200 మీటర్లకు, కిలోన్నర దాకా బరువు ఒక లెంత్‌కు సమానం అని మోటుగా లెక్క వేసుకోవచ్చు. మూడు కిలోలంటే రెండు లెంత్‌లు, సరిగ్గా పోయినసారి తేడా పోయినట్టే. కాగితం మీద రెండూ సమానం. కానీ అక్కడున్న జనం మాత్రం పోయినసారి గెలిచినదాని మీదే పడతారు, దాని రేటు (గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందన్నది) పడిపోతుంది, రెండోదానికి మంచి రేటు దొరుకుతుంది. మీకు పనికొచ్చే చోటు అదే.

దూరం పెరిగేకొద్దీ బరువు ఎక్కువ పని చేస్తుంది. 1600 మీటర్లకు కిలో ఒక లెంత్, 2000, 2400కి వచ్చేసరికి ముప్పావు కిలో కూడా లేకుండానే ఒక లెంత్. ఇవి మోటు లెక్కలే, ఏ రెండు గుర్రాలూ ఒక్కలా బరువు మోయవు. పెద్ద ఒళ్లున్న గుర్రం 60 కిలోలు వేసినా లెక్కచెయ్యదు, చిన్న ఆడగుర్రం ఒకటి 56 దాటితే ఎప్పుడూ గెలవని దాఖలా పాత కార్డుల్లోనే కనిపిస్తుంది. అందుకే ఒక్కో గుర్రం ఇంతవరకు గెలిచినప్పుడు ఎంత బరువు మోసిందో పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. ఈ ఒక్క అలవాటు చేసుకున్నా సగం తప్పుడు పందేలు తగ్గుతాయి.

అప్రెంటిస్ కుర్రాళ్ల విషయం కూడా ఇక్కడే చూడాలి. నేర్చుకుంటున్న జాకీకి, అతను అప్పటికి గెలిచిన రేసుల సంఖ్యను బట్టి, కొన్ని కిలోల రాయితీ ఉంటుంది. హ్యాండీక్యాపర్ 58 వేస్తే కుర్రాడు ఎక్కేసరికి అది 55 అవ్వచ్చు. చెయ్యి తిరిగిన కుర్రాడైతే ఆ మూడు కిలోలు పూర్తిగా లాభం. చెయ్యి తిరగనివాడైతే మలుపులో బయటి నుంచి చుట్టు తిరిగి ఆ మూడు కిలోల కంటే ఎక్కువే పోగొడతాడు. ఏ కుర్రాడు ఎలా పట్టుకుంటున్నాడో నాలుగు రేసులు కళ్లతో చూస్తేనే తెలుస్తుంది, కార్డులో ఉండదు.

పాత పరుగుల వరసలు చదివేటప్పుడు గెలిచిందా ఓడిందా అన్నదాని దగ్గర ఆగిపోవద్దు. ఏ క్లాసులో (అంటే ఏ రేటింగ్ గుర్రాల రేసులో), ఎంత బరువుతో, ఎంత దూరానికి, ఎన్ని లెంత్‌ల తేడాతో ఓడింది, అది చూడండి. పై క్లాసులో ఐదో స్థానం, మూడు లెంత్‌ల తేడా, ఇప్పుడు కింది క్లాసుకు దిగింది అంటే అది చెడ్డ గుర్రం కాదు, మీరు వెతుకుతున్న గుర్రం. అలాగే వరసగా ఓడుతున్న గుర్రం రేటింగ్ కొంచెం కొంచెంగా దిగుతూ ఉంటుంది, దిగి దిగి అది ఇంతకుముందు గెలిచిన రేటింగ్ దగ్గరికి వస్తుంది. అప్పుడు దూరం కూడా దానికి ఇష్టమైనదే అయి, ఎప్పుడూ ఎక్కని మంచి జాకీ ఎక్కాడంటే ట్రైనరు ఈ రోజు కోసం చూస్తున్నాడని అర్థం చేసుకోవాలి. దీని పక్కన గట్టిగా గీత గీయండి. మలక్‌పేటలో బెంగళూరు, మైసూరు, పుణె నుంచి వచ్చిన గుర్రాలూ కనిపిస్తాయి, వాటి అక్కడి రేటింగ్‌ను ఇక్కడిదానితో నేరుగా పోల్చకండి. ఒక్కో ఊరి హ్యాండీక్యాపర్ కొలత ఒక్కో రకం.

వానాకాలంలో నేల సంగతి మర్చిపోకూడదు. రేసు రోజు పొద్దున పెనెట్రోమీటర్ రీడింగ్ చెప్తారు. ఒక కడ్డీని బరువుతో గడ్డినేలలోకి దించి ఎంత దిగిందో చూస్తారు, అంకె పెరిగితే నేల మెత్తబడ్డట్టు. గట్టి నేల మీద గాలిలా పోయే గుర్రం మెత్తని నేలలో కాలు తియ్యలేక చతికిలపడుతుంది. రాత్రి మీరు రాసుకున్నదంతా పొద్దున వాన పడితే మళ్లీ చూసుకోవాల్సిందే.

పొద్దుటి సాధన గురించి పేపర్లలో, పుస్తకాల్లో వచ్చే వరసలు చాలామందికి అయోమయం. "800 మీటర్లు 53, 600 మీటర్లు 39, బాగా కదిలింది" అని ఉంటుంది. అంటే చివరి 800 మీటర్లు 53 సెకన్లలో, అందులో చివరి 600 మీటర్లు 39 సెకన్లలో పరిగెత్తిందని. టైము ఒక్కటే చూస్తే మోసపోతారు. తక్కువ టైము వేసిన గుర్రాన్ని కొట్టి తోలారా, అది తనంతట తానే వచ్చిందా, వీపు మీద ఉన్నది జాకీయా, సాధనకు మాత్రమే ఎక్కే రైడింగ్ బాయా, పక్కన ఇంకో గుర్రం ఉందా, ఉంటే అది ఏ క్లాసుది, ఇవి చూడాలి. పై క్లాసు గుర్రం పక్కన సమానంగా, ఈజీగా వచ్చిందని రాసిన ఒక్క మాట, 38 సెకన్ల ఒంటరి పరుగు కంటే విలువైనది. ఇసుక ట్రాక్ మీద టైములు గడ్డి మీద కంటే నెమ్మదిగా వస్తాయి, రెండింటినీ కలపొద్దు.

మనుషుల సంగతికి వస్తే, గుర్రాన్ని అందరికంటే బాగా ఎరిగినవాడు సైసు. మేత వేసేది, ఒళ్లు తోమేది, కాలు వేడిగా ఉందా అని పొద్దున్నే చేత్తో పట్టి చూసేది అతనే. సైసుల్ని పట్టుకుని టిప్పు అడిగే జనం ఉంటారు. అడగొద్దు. అది అతని పొట్ట మీద కొట్టే పని, పైగా అతను తన గుర్రం బాగుందనే చెప్తాడు, ప్రేమ కొద్దీ. అతనికి పక్క లాయంలో ఉన్న గుర్రం సంగతి తెలియదు. ట్రైనరు దగ్గర చూడాల్సింది అలవాటు. కొందరు విరామం తర్వాత మొదటి పరుగుకే గుర్రాన్ని పూర్తిగా తయారు చేసి తెస్తారు, కొందరికి రెండు పరుగులు కావాలి. ఒక సీజన్ కార్డులు దాచిపెట్టుకుని చూస్తే ఎవరు ఏ రకమో తెలిసిపోతుంది. జాకీల విషయంలో సూరజ్ నరేడు, ట్రెవర్ లాంటివాళ్లు ఎక్కితే గుర్రం రేటు దానంతటదే పడిపోతుంది, జనం జాకీ పేరు మీద పెడతారు కాబట్టి. జాకీ గొప్పవాడే, కానీ రేటులో ఆ గొప్పతనం ధర ముందే కలిసిపోయింది.

ఇక పెద్ద రేసులు. డెర్బీలో పైన చెప్పిన రేటింగ్ బరువు లెక్కలేవీ పనికిరావు. అక్కడ హ్యాండీక్యాప్, అంటే రేటింగ్‌ను బట్టి బరువు వేయడం, ఉండదు. ముంబై మహాలక్ష్మిలో ఫిబ్రవరి మొదటి ఆదివారం జరిగే ఇండియన్ డెర్బీలో మగగుర్రాలన్నీ 57 కిలోలు, ఆడగుర్రాలన్నీ 55.5 కిలోలు మోస్తాయి, దూరం 2400 మీటర్లు, అన్నీ ఒకే వయసువి. 1943లో మొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది ఒక ఆడగుర్రమే, బరోడా మహారాజు గారి ప్రిన్సెస్ బ్యూటిఫుల్. కాబట్టి ఆడగుర్రమని పక్కన పెట్టేయకండి, ఆ కిలోన్నర రాయితీ 2400 మీటర్లకు రెండు లెంత్‌లకు పైనే. డెర్బీ కార్డు చదివేటప్పుడు అసలు ప్రశ్న ఇది ఆ దూరం తట్టుకుంటుందా అనే. డిసెంబరులో 1600 మీటర్ల గినీస్ రేసులు అవుతాయి, వాటిని వీడియోలో చూడండి. గెలిచినదాన్ని కాదు, చివరి 200 మీటర్లలో ఎవరు ఇంకా వేగం పెంచుతున్నారో చూడండి. అక్కడ గెలిచి కూడా గీత దగ్గర అడుగులు పొట్టివవుతున్న గుర్రానికి ఇంకో 800 మీటర్లు కలిపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తండ్రి, తల్లి తండ్రి ఎంత దూరం గెలిచారో చూడండి, ఈ ఒక్క రేసుకు వంశం బాగా పనికొస్తుంది. ఒకే ట్రైనరుకు రెండు మూడు గుర్రాలుంటే ఆ లాయం పెద్ద జాకీ దేన్ని ఎంచుకున్నాడో చూడండి. అయితే అదే వేదం కాదు. ఈ రేసు గుర్రాలను నెలల ముందు నుంచి దాని కోసమే తయారు చేస్తారు, మధ్యలో చిన్న రేసులో ఓడినా కంగారు పడాల్సిన పని లేదు.

చిన్న వయసు గుర్రాల విషయంలో ఇంకో సంగతి. ఎప్పుడు పుట్టినా మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది. జనవరిలో పుట్టినదీ మే నెలలో పుట్టినదీ కార్డులో ఒకే వయసు. రెండేళ్ల వయసులో నాలుగు నెలలంటే చాలా తేడా. ఏడాది తర్వాత ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది, అప్పుడు వెనకబడ్డది ముందుకొస్తుంది. డెక్కన్ డెర్బీ నాటికి కొన్ని గుర్రాలు ఒక్కసారిగా మెరుగుపడటానికి ఇదీ ఒక కారణం.

రేసు రోజు లోపలికి పోయాక పందెం టికెట్ల కిటికీల దగ్గర కాదు, ప్యాడాక్ దగ్గర నిలబడండి. గుర్రాలను గుండ్రంగా తిప్పుతారు. ఒళ్లు నూనె రాసినట్టు మెరవాలి. పక్కటెముకలు వెనక రెండు మూడు లీలగా కనిపించాలి, అసలు కనిపించకపోతే ఇంకా కొవ్వు ఉంది. వెనక కాలి అడుగు ముందు కాలి గుర్తును దాటి పడుతుందా చూడండి. చెమట అన్నిటికీ పడుతుంది, జులై ఉక్కలో పట్టకపోతే వింత. కానీ వెనక కాళ్ల మధ్య తెల్లగా సబ్బు నురగలా పేరుకుని, మెడ మీద కళ్లెం తాడు రాసుకున్న చోట కూడా నురగ ఉండి, తల అటూ ఇటూ విసురుతూ సైసును లాక్కుపోతుంటే ఆ గుర్రం పరుగులో సగం అక్కడే పరిగెత్తేసింది. పోయినసారి గెలిచినప్పుడూ అలాగే ఉందా అని గుర్తుంటే సరే, కొన్నిటి తీరే అంత. రాత్రి గీత గీసుకున్న గుర్రం ఇలా కనిపిస్తే ఆ రేసు వదిలేయండి. ఒక రోజు కార్డులో ఏడెనిమిది రేసులుంటాయి, మీకు స్పష్టంగా కనిపించేవి ఒకటో రెండో ఉంటాయి. మిగతావి ఊరికే చూడండి.

డబ్బు దగ్గర గట్టిగా చెప్పాలి. గుర్రపు పందెం నైపుణ్యం ఉన్న ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది నిజమే, కానీ నైపుణ్యం ఉన్నా లెక్క మనకు ఎదురుగానే ఉంది. టోట్‌లో, అంటే క్లబ్బు నడిపే పందెం కిటికీల్లో, పడిన డబ్బులోంచి క్లబ్బు వాటా తీసి మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. దానికి తోడు పందెం పూర్తి మొత్తం మీద జీఎస్‌టీ ఉంది, ముందు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. ఇది గెలిచినదాని మీద కాదు, పెట్టినదాని మీద. పదివేలు దాటి గెలిస్తే 30 శాతం టీడీఎస్ వేరు, ఓడిపోయిన టికెట్లు చూపించి అది తగ్గించుకునే వీలు లేదు. ఇన్ని కోతల తర్వాత దీని మీద ఇల్లు గడుపుతానని ఎవరైనా అంటే నమ్మొద్దు. సినిమాకు, బిర్యానీకి పెట్టినట్టు పోతే పోయిందనుకునే డబ్బు మాత్రమే జేబులో పెట్టుకుని బయల్దేరండి, ఏటీఎం కార్డు ఇంట్లో వదిలేయండి, ఫోన్‌లో చెల్లింపుల యాప్‌కు ఆరోజు సెలవు ఇవ్వండి. కౌలు డబ్బులు, పిల్లల ఫీజులు, అప్పు తెచ్చినవి అక్కడికి తేకండి. పోయింది రాబట్టుకోవాలని ఆఖరి రేసులో రెట్టింపు పెట్టేవాళ్లను ప్రతి ఆదివారం చూడొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఈ అలవాటు ముదిరి అప్పులదాకా పోయి ఉంటే వాళ్లకు ఈ లెక్కలు నేర్పొద్దు, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఊళ్లో కూర్చుని ఫోన్ మీద రాయించుకునేవాళ్ల జోలికి అసలు పోకండి. రేసు కోర్సులో టోట్ కిటికీ, లైసెన్సు ఉన్న బుకీ, అంతే. బయట రాసేది చట్టవిరుద్ధం, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేల మీద కూడా చట్టం తెచ్చింది. గెలిచినా వాడు ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకుంటారు.

కొత్తలో విన్, ప్లేస్ చాలు. విన్ అంటే మొదటిది రావాలి, ప్లేస్ అంటే మొదటి రెండు మూడు స్థానాల్లో ఎక్కడైనా, ఎన్ని గుర్రాలు పరిగెత్తుతున్నాయన్నదాన్ని బట్టి. మొదటి మూడింటినీ వరసగా చెప్పే టనాలా, వరసగా ఐదు రేసులు కొట్టే జాక్‌పాట్ లాంటివి చూడ్డానికి ఆశగా ఉంటాయి, కానీ ఒక్క రేసునే సరిగ్గా చదవడం రానప్పుడు ఐదు ఎక్కడ చదువుతాం. గుర్రం గెలిచిందని వెంటనే గంతులెయ్యొద్దు, ఓడిందని టికెట్ చించొద్దు. జాకీలు జీనుతో సహా మళ్లీ తూకం వేయించుకోవాలి, అబ్జెక్షన్ ఉంటే స్టీవార్డులు (రేసు నడిపే అధికారులు) విచారిస్తారు, ఫలితం ఖాయమని ప్రకటించాకే చెల్లింపు.

తిరుగు రైల్లో కూర్చున్నాక ఇంకో పని ఉంది. మలుపులో దారి దొరకక ఇరుక్కుపోయిన గుర్రం, గేటు తెరిచినప్పుడు ఆలస్యంగా వచ్చిన గుర్రం, బయటివైపు చుట్టు తిరిగి కూడా రెండు లెంత్‌ల తేడాతో ఆగిన గుర్రం, వీటి పేర్లు, అవి మోసిన బరువు, ఆరోజు నేల రీడింగ్ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫలితాల వరసలో ఇవన్నీ ఉత్త "6వ స్థానం" అని మాత్రమే మిగులుతాయి. హ్యాండీక్యాపర్ కూడా రేసులు చూస్తాడు కాబట్టి ప్రతిదీ మీకు దొరకదు. కానీ మూడు నాలుగు వారాల తర్వాత అదే పేరు అదే రేటింగ్‌తో, లేదా ఒకటి రెండు పాయింట్లు తగ్గి కార్డులో కనిపిస్తే, ఆ రేసు దగ్గర మొదట పెన్సిల్ పెట్టండి.